మన ట్రంకు పెట్టె గ్రంథాలయం గుమ్మం దాటాలంటే

పలాసలోనో, టెక్కలిలోనో, ఉద్దానం తీరంలోని ఏదో ఒక వాడలోనో ఒక పెద్దాయన కన్నుమూస్తాడు. ముప్పై నలభై ఏళ్లు సంఘాల్లో, ఉద్యమాల్లో తిరిగిన మనిషి. పెద్దకర్మ అయిపోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద రెండు ట్రంకు పెట్టెలు బయటపడతాయి. వాటిలో కరపత్రాలు, సభల ఫొటోలు, కలెక్టరుకిచ్చిన అర్జీల నకళ్లు, నిజనిర్ధారణ కమిటీల నివేదికలు, పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు, అంబేడ్కర్ సంపుటాలు, పాత పత్రికల కట్టలు ఉంటాయి. ఇంట్లో చోటు లేదు. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. 'లైబ్రరీకి ఇచ్చేద్దాం' అని ఎవరో అంటారు. ఆ మాట అన్నంత తేలికగా ఆ పని జరగదు. తీసుకెళ్తే తీసుకోకపోవచ్చు. తీసుకున్నా పదేళ్ల తర్వాత వెతికితే దొరక్కపోవచ్చు.

గ్రంథాలయాలు ఇలాంటి సేకరణలను ఏ లెక్కన తీసుకుంటాయి, ఏ లెక్కన వద్దంటాయి, ఇచ్చే ముందు మనం ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి అన్నది కార్యకర్తలకూ విద్యార్థులకూ పనికొచ్చేలా ఒకచోట చేర్చాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది మన చరిత్రకు రేపు ఆధారం ఉంటుందా లేదా అన్న ప్రశ్న కూడా.

ఈ నేల మీద ఏం దొరుకుతుంది?

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న మందస జమీందారీ పోరాటంలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసుల తూటాలకు గున్నమ్మ బలైంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపిన తర్వాత శ్రీకాకుళ పోరాటం మరో మలుపు తిరిగింది. ఉద్దానంలోని బొడ్డపాడు ఆ పోరాటంలో ముఖ్యమైన ఊరు. థర్మల్ కేంద్రాలకు వ్యతిరేకంగా 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో జనం నిలబడ్డారు. రెండు చోట్లా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయర్ భూముల వివాదంలో ఐదుగురు దళితులను చంపారు. జిల్లాల పునర్విభజన తర్వాత ఆ ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల మీదుగా తీరం దాటి కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. వీటన్నిటి మధ్య ఉద్దానం కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగింది.

వీటి మీద పుస్తకాలు కొన్ని వచ్చాయి. అయితే పుస్తకాల్లోకి ఎక్కనిది చాలా ఉంది. జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లు కూలి పెంచమని రాసిన అర్జీ, వాడకు నీటి కుళాయి కోసం నడిచిన పోరాటం కరపత్రం, తుపాను సాయం జాబితాలో ఎవరి ఇల్లు లేదో చేత్తో రాసుకున్న కాగితం. ప్రభుత్వ రికార్డు గదిలో దొరికేది అధికారి రాసిన మాట. వాడ రాసుకున్న మాట దొరికేది ఇలాంటి ట్రంకు పెట్టెల్లోనే.

దీన్నే గ్రంథాలయ శాస్త్రంలో 'ప్రత్యేక సేకరణ' అంటారు. మామూలు పుస్తకం పోతే ఇంకో ప్రతి కొనుక్కోవచ్చు. ప్రత్యేక సేకరణలోది పోతే పోయినట్టే. అందుకే దాన్ని తీసుకోవడానికి, భద్రపరచడానికి, చూపించడానికి నియమాలు వేరుగా ఉంటాయి.

ఉచితంగా వచ్చింది ఉచితం కాదు

'ఊరికే ఇస్తామంటే వద్దంటారేంటి?' అన్నది మామూలుగా వచ్చే కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ లైబ్రేరియన్ వైపు లెక్క కూడా చూడాలి.

రెండు పెట్టెల్లో 800 కాగితాలు, పుస్తకాలు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాన్ని దులిపి, చదివి, అదేంటో గుర్తించి, నంబరు వేసి, కేటలాగులో రాయడానికి సగటున 20 నిమిషాలు పడుతుందనుకుందాం. మొత్తం 16,000 నిమిషాలు, అంటే సుమారు 267 గంటలు. రోజుకు 8 గంటలు వేరే ఏ పనీ లేకుండా కూర్చున్నా 33 రోజులకు పైగా పడుతుంది. ఒకే మనిషి తలుపు తెరిచి, పత్రికలు సర్ది, సభ్యుల పుస్తకాలు రాసి, తలుపు మూసే శాఖా గ్రంథాలయంలో ఇది ఏడాది పని. ఆపైన అలమరా, పెట్టెలు, చెదల మందు, కరెంటు, స్కానింగ్ ఖర్చులు ఎలాగూ ఉంటాయి.

మన రాష్ట్రంలో పౌర గ్రంథాలయాలు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద నడుస్తున్నాయి. జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు ఉంటాయి. వీటికి ప్రధాన ఆదాయం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు. అంటే ఆ గ్రంథాలయం మనం కట్టిన డబ్బుతో నడుస్తోంది. వాడలో ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబానికీ దాని మీద హక్కు ఉంది. సంస్థ డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే అన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకునే మాట్లాడాలి.

గ్రంథాలయం వేసుకునే ప్రశ్నలు

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య (ఇఫ్లా) 2008లో విరాళాల మీద మార్గదర్శకాలు ప్రచురించింది. ప్రతి గ్రంథాలయానికీ విరాళాల మీద రాతపూర్వక విధానం ఉండాలన్నది అందులోని ప్రధానమైన సూచన. విధానం ఉన్నా లేకపోయినా నిర్ణయం తీసుకునేవాళ్లు చూసేవి దాదాపు ఇవే:

1. ఇది మా పరిధిలోకి వస్తుందా? గ్రంథాలయం ఏ విషయం మీద, ఏ ప్రాంతం మీద, ఎవరి కోసం పుస్తకాలు సేకరిస్తుంది అన్నది మొదటి ప్రశ్న.

2. ఇది మా దగ్గర ఇప్పటికే ఉందా? ఉంటే రెండో ప్రతి ఎందుకు?

3. ఇది వేరే ఎక్కడైనా దొరుకుతుందా? దొరకనిదైతే విలువ పెరుగుతుంది.

4. ఏ స్థితిలో ఉంది? చెదలు, బూజు, తడి ఉంటే ఉన్న పుస్తకాలకు కూడా అంటుకుంటాయి.

5. ఇచ్చేవాళ్లకు ఇచ్చే హక్కు ఉందా? సంఘం కాగితాలను ఒక కుటుంబం ఇవ్వవచ్చా? అన్నదమ్ముల్లో ఒకరు వద్దంటే?

6. ఏ షరతులు పెడుతున్నారు? విడిగా గది, పేరుతో బోర్డు, ఒక్క కాగితం కూడా తీసేయకూడదన్న మాట, ఇలాంటివి.

7. ఇందులో ఎవరికైనా హాని చేసే సమాచారం ఉందా? చట్టపరమైన చిక్కు ఉందా?

8. దీన్ని ఎవరు చదువుతారు? వాళ్లకు అందించే మనిషి, చోటు ఉన్నాయా?

9. మాకంటే దీన్ని బాగా చూసుకునే సంస్థ ఇంకొకటి ఉందా?

ఈ తొమ్మిదింటిలో ఏ ఒక్కటీ కులం పేరు ఎత్తదు. కానీ ఫలితంలో కులం కనిపిస్తుంది. 'మాకు పుస్తకాలే కావాలి, కరపత్రాలు వద్దు' అన్న మాట చూడండి. పుస్తకం వేయించుకోగలిగింది ఎవరు? ప్రచురణకర్త, అట్ట, ధర ఉన్నదే విలువైనదని లెక్కేస్తే, ఒక రూపాయి చందాతో అచ్చయిన కరపత్రమూ చేతిరాత పాటల పుస్తకమూ మొదటే బయట ఉండిపోతాయి. 'ఎవరు చదువుతారు?' అన్న ప్రశ్న కూడా అంతే. వాడ నుంచి చదువరులు రావడం లేదంటే, అక్కడ వాళ్ల గురించి ఏమీ లేకపోవడం కూడా ఒక కారణం కాదా? అందుకని ఈ ప్రశ్నలకు మన దగ్గర జవాబులు ముందే సిద్ధంగా ఉండాలి.

విలువ తలకిందులవుతున్న చోటు

ఇక్కడ మన వైపు నుంచి జరిగే తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇల్లు సర్దేటప్పుడు కుటుంబం ఏం చేస్తుంది? అట్ట బాగున్న పుస్తకాలను తుడిచి, గ్రంథాలయానికి ఇవ్వడానికి పక్కన పెడుతుంది. చిరిగిన నోటుపుస్తకాలు, కరపత్రాలు, ఉత్తరాలు 'చిత్తు కాగితాలు' అని పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తుంది.

గ్రంథాలయం లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంబేడ్కర్ రచనల సంపుటాలు గొప్పవే. కానీ అవి ఇప్పటికే చాలా చోట్ల ఉన్నాయి. ఆ సెట్టును గ్రంథాలయం 'మా దగ్గర ఉంది' అని తిప్పి పంపితే అందులో అవమానం లేదు. అదే పెద్దాయన ఆ సంపుటాల అంచుల మీద రాసుకున్న మాటలు, ఆయన నోటుపుస్తకంలోని పాటలు, 1985 కారంచేడు తర్వాతో, 1991 చుండూరు తర్వాతో జిల్లాలో జరిగిన సభల కరపత్రాలు మాత్రం ప్రపంచంలో ఆ ఒక్క ప్రతే కావచ్చు. బొజ్జా తారకం సంపాదకత్వంలో వచ్చిన 'నలుపు' లాంటి పత్రిక సంచికలు కూడా వరుసగా దొరకడం కష్టం. కాబట్టి మొదటి సూత్రం ఇది: గ్రంథాలయం వాళ్లు చూసేదాకా ఒక్క కాగితం కూడా పారేయొద్దు, ఉన్న వరుస కూడా మార్చొద్దు. ఏ కట్టలో ఏది ఎందుకు కలిసి ఉందో అదీ సమాచారమే.

జిల్లాలోనే ఉన్న ఒక ఉదాహరణ

ప్రత్యేక సేకరణ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బు, తన పుస్తకాలు పెట్టి 1997 ఫిబ్రవరి 22న ఆయన కథానిలయాన్ని ప్రారంభించారు. 2021 జూన్ 4న ఆయన కన్నుమూసే నాటికి అది తెలుగు కథ మీద పనిచేసే ఎవరైనా తప్పక వెళ్లాల్సిన చోటు అయింది. పాత పత్రికలు, కథా సంపుటాలు చాలామంది ఇళ్ల నుంచి అక్కడికి చేరాయి. వాటిని స్కాన్ చేసి వెబ్‌లో కూడా ఉంచారు.

దీని బలం ఎక్కడుంది? పరిధి స్పష్టంగా గీసుకోవడంలో ఉంది. తెలుగు కథ, కథకు సంబంధించిన సమాచారం, అంతే. ఆ గీత ఉంది కాబట్టే ఏది తీసుకోవాలో ఏది వద్దనాలో వాళ్లకు తెలుసు. ఉద్దానం దళిత కథకుడి అచ్చైన కథలున్న పాత పత్రికలకు అది సరైన చోటు. కాకరాపల్లి అర్జీల కట్టకు కాదు. వాళ్లు ఆ కట్టను వద్దంటే అది నిరాకరణ అనుకోకూడదు. సరైన చోటు ఇంకొకటి వెతకమన్న సూచన.

మరి అలాంటి కట్టలకు చోట్లు ఏవి? ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. పేరే మనకు ఒక వాదన ఇస్తుంది. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఈ జిల్లా దళిత ఉద్యమ కాగితాలకు ఒక అలమరా కేటాయించాలని అడగడం న్యాయం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. దూరం పెరిగేకొద్దీ భద్రత పెరగవచ్చు. కానీ పలాస డిగ్రీ కాలేజీ అమ్మాయికి అది అందకుండా పోవచ్చు. ఈ తూకం ప్రతి కుటుంబమూ వేసుకోవాలి.

ఒక నష్టం, ఒక లాభం

నిర్ణయం వాయిదా పడితే ఏమవుతుందో బాబాసాహెబ్ కాగితాలే చెప్తాయి. ఆయన పుస్తకాలు అనేకం 1946లో తాను స్థాపించిన ముంబై సిద్ధార్థ కళాశాల గ్రంథాలయానికి చేరి నిలిచాయి. 1956లో ఆయన పరినిర్వాణం తర్వాత ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లో మిగిలిన రాతప్రతులకు ఆ అదృష్టం లేదు. 1967 జనవరిలో ఇల్లు ఖాళీ చేయించే గొడవలో కాగితాలను ఆవరణలో పడేశారు. ఆ రాత్రి వాన పడింది. చాలా కాగితాలు నాశనమయ్యాయి. మిగిలిన పెట్టెలు ఏళ్ల తరబడి కోర్టు కస్టడీలో, ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ జనరల్ కస్టడీలో ఉండిపోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం 1976లో కమిటీ వేశాక, వసంత్ మూన్ సంపాదకత్వంలో 1979 నుంచి సంపుటాలు రావడం మొదలైంది. ఈరోజు మనం చేతిలో పట్టుకుని వాదించే పుస్తకాల్లో కొన్ని అలా వాన తప్పించుకున్న కాగితాలే. దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి కాగితాలకే ఈ గతి పట్టిందంటే, ఉద్దానం వాడలోని ట్రంకు పెట్టె సంగతి చెప్పేదేముంది?

దీనికి ఎదురుగా న్యూయార్క్ ఉదాహరణ ఉంది. నల్లజాతి చరిత్రకు ఆధారాల్లేవన్న మాటకు జవాబుగా ఆర్తురో షాంబర్గ్ అనే ఆయన జీవితమంతా పుస్తకాలు, రాతప్రతులు, చిత్రాలు పోగుచేశాడు. 1926లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కార్నెగీ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో ఆ సేకరణను తీసుకుంది. ఎక్కడ పెట్టింది? నగర మధ్యలోని పెద్ద భవనంలో కాదు. నల్లవాళ్లు బతికే హార్లెంలోని 135వ వీధి శాఖా గ్రంథాలయంలో పెట్టింది. తర్వాత షాంబర్గే కొన్నేళ్లు దాని బాధ్యత చూశాడు. అదే ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద నల్లజాతి పరిశోధన కేంద్రాల్లో ఒకటి. శాఖా గ్రంథాలయం చిన్నదని, వాడ పక్కన ఉందని తక్కువ చేయడానికి లేదని ఇది నేర్పుతుంది. డబ్బు, బాధ్యత తీసుకునే మనిషి, రాతపూర్వక ఒప్పందం కలిస్తేనే అది జరిగిందన్నదీ గుర్తుపెట్టుకోవాలి.

చట్టం ఏమంటుంది?

పుస్తకాలు, కాగితాలు చరాస్తి. 1882 ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 123 ప్రకారం చరాస్తిని రిజిస్టరు పత్రం ద్వారా గానీ, చేతికి అప్పగించడం ద్వారా గానీ దానం చేయవచ్చు. సెక్షన్ 122 ప్రకారం దాత బతికి ఉండగానే, ఇచ్చే శక్తి ఉండగానే తీసుకునేవాళ్లు దాన్ని స్వీకరించాలి. అంటే 'నాన్న లైబ్రరీకి ఇద్దామనుకున్నారు' అన్న మాటకు చట్టంలో బలం లేదు. ఆయన పోయాక ఆ కాగితాలు వారసులవి. వారసులందరూ కలిసి సంతకం చేస్తేనే తర్వాత గొడవ ఉండదు. పెద్దవాళ్లు ఉండగానే, వాళ్ల నోటితోనే ఏ ఫొటోలో ఎవరున్నారో చెప్పించుకుని, వాళ్ల సంతకంతోనే ఇప్పించడం అన్ని విధాలా మంచిది.

కాగితం ఇవ్వడం వేరు, కాపీరైటు ఇవ్వడం వేరు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లపాటు హక్కు వారసులకు ఉంటుంది. నోటుపుస్తకం గ్రంథాలయానికి ఇచ్చినంత మాత్రాన అందులోని పాటలను ఎవరైనా పుస్తకం వేసుకోవచ్చని కాదు. ఆ అనుమతి ఇస్తున్నారో లేదో విడిగా రాయాలి.

రాయకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూస్తున్నాం. నెహ్రూ స్మారక గ్రంథాలయానికి చేరిన నెహ్రూ కాగితాల్లో కొన్ని పెట్టెలు 2008లో కుటుంబం వైపు తిరిగి వెళ్లాయి. అవి ఎవరివన్న వివాదం ఇటీవల మళ్లీ రేగింది. అంత పెద్ద సంస్థలోనే ఇలా ఉంటే, మన ఊళ్లో నోటి మాట మీద ఇచ్చిన పెట్టె సంగతి ఊహించవచ్చు.

ఇవ్వకూడనివి, మూసి ఇవ్వాల్సినవి

కొన్నిటి అసలు ప్రతులు ఎప్పుడూ ఇవ్వొద్దు. డి-పట్టాలు, భూమి కాగితాలు, కుల ధ్రువపత్రాలు, నడుస్తున్న కేసుల ఎఫ్‌ఐఆర్‌లు, కోర్టు సర్టిఫైడ్ కాపీలు ఇంట్లోనే ఉండాలి. గ్రంథాలయానికి జిరాక్సు చాలు.

కొన్నిటిని చూసి, మూసి ఇవ్వాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పనిచేసినవాళ్ల దగ్గర రోగుల పేర్లు, ఊళ్లు, పరీక్షల వివరాలున్న జాబితాలు ఉంటాయి. పరిశోధకుడికి అవి విలువైనవే. కానీ ఆ ఇంటి అమ్మాయి పెళ్లి సంబంధానికి అవే అడ్డుపడవచ్చు. అలాంటి జాబితాలను ఇన్నేళ్ల దాకా ఎవరికీ చూపకూడదని షరతు పెట్టి ఇవ్వవచ్చు, లేదా పేర్లు తీసేసిన నకలు ఇవ్వవచ్చు. లైంగిక దాడి బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. అత్యాచారాల మీద నిజనిర్ధారణ నివేదికల్లో, సాక్షుల వాంగ్మూలాల్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. సాక్షి ఇంకా అదే ఊళ్లో ఆధిపత్య కులాల పొలంలో కూలికి వెళ్తుంటే, ఆయన పేరు అల్మారాలో తెరిచి ఉంచడం మన పని కాదు.

శ్రీకాకుళ పోరాట కాలపు సాహిత్యం విషయంలో ఇంకో మాట. ప్రభుత్వం ఏదైనా ప్రచురణను జప్తు చేస్తున్నట్టు ప్రకటించి ఉంటే (ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 98, అంతకుముందు సీఆర్‌పీసీ సెక్షన్ 95) గ్రంథాలయం వెనకాడుతుంది. ఇచ్చే ముందు ఒక న్యాయవాదికి జాబితా చూపించడం మంచిది. భయపడి మొత్తం కట్ట తగలబెట్టడం మాత్రం వద్దు.

ఉప్పుగాలి, చెదలు, తుపాను

ఈ తీరంలో కాగితానికి శత్రువులు ఎక్కువ. తేమ, ఉప్పుగాలి, చెదలు, తుపాను. తిత్లీ రాత్రి పైకప్పులు ఎగిరిన ఇళ్లలో ఎన్ని పెట్టెలు తడిశాయో లెక్క రాసినవాళ్లు లేరు. నగరంలోనూ ప్రమాదం ఉంటుంది. 2000 ఆగస్టు వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అరుదైన ఉర్దూ సేకరణ తడిసింది. కాబట్టి గ్రంథాలయాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ మాటలు అడగాలి. కాగితాలు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటాయి? గోడకు చెమ్మ ఉందా? పైకప్పు ఆర్‌సీసీయేనా? చెదల మందు చివరిసారి ఎప్పుడు కొట్టించారు?

మన వైపు నుంచి చేయాల్సినవి తేలికే. చెమ్మగిల్లిన కాగితాలను ఎండలో కాదు, నీడలో గాలికి ఆరబెట్టాలి. చిరిగినచోట సెల్లో టేపు వేయొద్దు. లామినేషన్ చేయించొద్దు. గుండుసూదులు, తుప్పు పట్టిన క్లిప్పులు తీసేయాలి. పురుగు పట్టిన కట్టను మిగతావాటికి దూరంగా పెట్టి, గ్రంథాలయానికి ముందే చెప్పాలి. దాచిపెట్టి ఇస్తే మొత్తం తిప్పి పంపే హక్కు వాళ్లకుంటుంది.

ఒప్పంద పత్రంలో ఉండాల్సినవి

నోటి మాట, పేపర్లో ఫొటో, శాలువా సరిపోవు. ఒకటి రెండు పేజీల్లో ఇవి రాసి ఇరువైపులా సంతకాలు ఉండాలి:

ఇస్తున్న వస్తువుల జాబితా, తేదీ. ఇస్తున్నవాళ్లకు ఆ హక్కు ఉందన్న మాట.

పూర్తిగా ఇస్తున్నారా, కొంతకాలం భద్రపరచడానికేనా.

కాపీరైటు ఎవరిది. ప్రచురణకు ఎవరిని అడగాలి.

ఎవరు చూడవచ్చు. సభ్యత్వం లేకపోయినా, ఏ వాడ నుంచి వచ్చినా చూపిస్తారన్న స్పష్టమైన వాక్యం.

మూసి ఉంచాల్సిన భాగాలు, ఎన్నేళ్లు.

వద్దనుకున్నవాటిని ఏం చేస్తారు. అమ్మేయడానికి ముందు కుటుంబానికో సంఘానికో చెప్తారా?

గ్రంథాలయం మూతపడితే, వేరే చోటికి మారితే సేకరణ ఎవరికి చేరాలి.

కేటలాగు ఎన్ని నెలల్లో తయారవుతుంది. దాని ఒక నకలు మనకు ఇస్తారా?

వర్ణనలో వాడే మాటలు. పాత కాగితంలో 'హరిజన' అని ఉంటే అది అలాగే ఉంటుంది. కేటలాగు శీర్షికలో మాత్రం 'దళిత' అని, ఉపకులం పేరు మనం చెప్పినట్టు రాయాలి.

షరతులు ఎక్కువైతే తిరస్కరణ తప్పదు. 'విడి గది, పాలరాతి బోర్డు, ఒక్క పుస్తకం కదల్చకూడదు' అంటే ఏ గ్రంథాలయమూ ఒప్పుకోదు. బోర్డు కంటే కేటలాగు ముఖ్యం. గది కంటే చూడనివ్వడం ముఖ్యం. బేరంలో మొదట వదులుకోవాల్సింది పేరు, చివరిదాకా పట్టుకోవాల్సింది ప్రవేశం.

శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ప్రత్యేక సేకరణ విషయంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి. వచ్చే లైబ్రేరియన్ మారినా కాగితం మారదు. కాదన్నా సరే, కారణం రాసిమ్మని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది.

అసలు ఇవ్వకుండా కూడా దారి ఉంది

కొన్ని కుటుంబాలు అసలు కాగితం వదులుకోవడానికి ఇష్టపడవు. అది వాళ్ల హక్కు. తరతరాలుగా మన దగ్గర్నుంచి తీసుకున్నవాళ్లే తప్ప తిరిగిచ్చినవాళ్లు లేరన్న అనుభవం దాని వెనక ఉంది. అమెరికాలో 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ (సాదా) పద్ధతి ఇందుకు పనికొస్తుంది. వాళ్లు వలస కుటుంబాల ఫొటోలు, ఉత్తరాలను స్కాన్ చేసుకుని అసలువి ఇంటికే తిరిగిస్తారు. బ్రిటిష్ లైబ్రరీ నడిపే ప్రమాదంలో ఉన్న పత్రాల పథకంలోనూ అసలు ప్రతులు పుట్టిన దేశంలోనే ఉంటాయి, నకళ్లే బయటికి వెళ్తాయి.

మన వాడలోని అంబేడ్కర్ భవన్‌లో ఇది చేయలేనిది కాదు. ఒక మంచి ఫోన్ కెమెరా, పగటి వెలుతురు, తెల్ల గుడ్డ, ఇద్దరు విద్యార్థులు, ఒక నోటుపుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి, ఏది, ఎప్పటిది, ఎవరిచ్చారు అన్న మూడు మాటలు రాయాలి. ఫైళ్లను కనీసం రెండు చోట్ల, ఒకటి ఈ తీరానికి దూరంగా ఉంచాలి. ఈ జాబితా చేతిలో ఉంటే గ్రంథాలయంతో మాట్లాడే తీరే మారిపోతుంది. 'రెండు పెట్టెల పాత కాగితాలున్నాయి' అని వెళ్లేవాళ్లకు దొరికే జవాబు వేరు. '412 వస్తువులు, వీటిలో 90 మరెక్కడా లేవు, జాబితా ఇదిగో' అని వెళ్లేవాళ్లకు దొరికే జవాబు వేరు. లైబ్రేరియన్ చేయాల్సిన 33 రోజుల పనిలో సగం మనమే చేసి తీసుకెళ్లినట్టు.

కిడ్నీ జబ్బుతో, వయసుతో, వలసతో ఉద్దానంలో జ్ఞాపకం ఉన్న మనుషులు తగ్గిపోతున్నారు. ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ ఆవిడ పేరు చెప్పగలిగినవాళ్లు ఇంకా కొద్దిమందే ఉంటారు. ఈ నెల సంఘం సమావేశంలో ఒక్క ప్రశ్న అజెండాలో పెట్టండి: మన ఊళ్లో ఎవరి అటక మీద ఏముంది? జవాబులు రాసుకోండి. గ్రంథాలయం తలుపు ఆ తర్వాత తడదాం.